గిరి ప్రదక్షిణలో బొటనవేలు: సింహాద్రి చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచేవారి కోసం

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం తొలిపావంచా (కొండ మెట్లదారి మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాళ్లు కొండను కుడిచేతి వైపు ఉంచుకుని పాత అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రానికి చేరతారు. అక్కడ స్నానం చేసి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, కైలాసపురం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం చుట్టి మళ్లీ తొలిపావంచాకే వస్తారు. మొత్తం 32 కిలోమీటర్లు. సగటు మనిషి అడుగు 65 నుంచి 70 సెంటీమీటర్లు అనుకుంటే 46 వేల నుంచి 49 వేల అడుగులు. అంటే ఒక్కో కాలి బొటనవేలు 23 వేల సార్లకు పైగా ఒంటి బరువును నేల మీద నుంచి ముందుకు నెట్టాలి.

పాదాలకు వైద్యం చేయడం నా వృత్తి. ఈ ప్రదక్షిణ నా మొక్కు. దారి పక్కన కూలబడిపోయినవాళ్లలో ఎక్కువమందికి మోకాలి నొప్పో నడుం నొప్పో పైకి కనిపిస్తుంది. కాలు పట్టుకుని చూస్తే మొదలు బొటనవేలి దగ్గరే దొరుకుతుంది. అక్కడ బొబ్బ లేచి, దాన్ని నేలకు ఆనించకుండా పాదాన్ని బయటి అంచు మీద వేస్తూ ఐదారు కిలోమీటర్లు నడిచి ఉంటారు. దాంతో చీలమండ, మోకాలు, తుంటి వరసగా మొరాయిస్తాయి.

ఈ ఒక్క వేలికి అంత పని ఎందుకంటే దాని కట్టుబడే వేరు. మిగతా వేళ్లకు మామూలుగా మూడేసి ఎముకలుంటే దీనికి రెండే, కానీ లావైనవి. దాని మొదట్లో పాదం కింద మెత్తటి దిండులా తగిలే చోట, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు లోపల బఠానీగింజంత ఎముకలు రెండుంటాయి. మనం మడమ లేపిన ప్రతిసారీ బరువు పడేది వాటి మీదే. మడమ నుంచి వేళ్ల దాకా పాదం అడుగున గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. మడమ లేచి బొటనవేలు పైకి వంగినప్పుడు ఆ పట్టీ వేలి కీలు చుట్టూ బిగుసుకుని పాదం వంపును పైకి లాగుతుంది. మెత్తగా ఉన్న పాదం ఆ క్షణంలో గట్టి కర్రలా మారి శరీరాన్ని ముందుకు తోస్తుంది. ఈ పనితీరును 1954లో హిక్స్ అనే పరిశోధకుడు వివరించారు. అది సాగాలంటే బొటనవేలు మొదటి కీలు 40 నుంచి 60 డిగ్రీల వరకు పైకి వంగాలి. వంగకపోతే పాదం పక్కకు తిరిగి అడుగు పూర్తి చేస్తుంది. పదడుగులకు ఏమీ తెలియదు. పాతికవేల అడుగులకు తెలుస్తుంది.

పురాణాలు చెప్పినవాళ్లు ఈ వేలికి ఇచ్చిన చోటు చూస్తే నాకు ఆశ్చర్యం వేయదు. త్రివిక్రముడు కాలెత్తినప్పుడు ఆయన ఎడమకాలి బొటనవేలి గోరు బ్రహ్మాండం పైపెంకును చీల్చిందని, ఆ చిల్లులోంచి గంగ దిగిందని భాగవతం ఐదో స్కంధం చెబుతుంది. కైలాసాన్ని పెకలించబోయిన రావణుణ్ణి శివుడు అణిచింది కాలి బొటనవేలితోనే. దుందుభి అస్థిపంజరాన్ని రాముడు పది యోజనాల దూరం చిమ్మింది కూడా బొటనవేలితోనే. ధ్రువుడి తపస్సు ఆ వేలి మీదే నిలబడింది. మోయడం, నొక్కడం, నెట్టడం, నిలదొక్కుకోవడం: శరీరంలో ఆ వేలు చేసే పనులన్నీ ఈ కథల్లో ఉన్నాయి. సింహాచలంలో మరో విశేషం ఉంది. ప్రహ్లాదుణ్ణి కాపాడటానికి స్వామి వచ్చిన వేగానికి పాదాలు భూమిలోకి దిగిపోయాయని, అందుకే మూలవిరాట్టు పాదాలు మనకు కనబడవని స్థలపురాణం. కొండ మీద గంగధార పారుతుంది. కింద కొండ చుట్టూ మనం నడుస్తాం. తొమ్మిది భక్తి మార్గాల్లో పాదసేవనాన్ని చెప్పింది ప్రహ్లాదుడే. పోతన ఆ ప్రహ్లాదుడి నోట ‘భగవంతు వలగొను పదములు పదములు’ అనిపించాడు, అంటే భగవంతుడికి ప్రదక్షిణ చేసే కాళ్లే కాళ్లని. ఆ సేవకు మన దగ్గరున్న సాధనం పాదమైతే, దాన్ని సిద్ధం చేసుకోవడం మొక్కులో భాగమే. పూజకు ముందు దీపపు కుందె తోముకుంటాం. కాలి విషయంలో మాత్రం ‘అప్పన్న చూసుకుంటాడు’ అని వదిలేస్తాం. అది నాకు నచ్చదు.

తయారీ జ్యేష్ఠమాసం మొదట్లో ప్రారంభిస్తే చతుర్దశికి ఆరు వారాల పైచిలుకు దొరుకుతుంది. అది చాలు. ముందు వేలిని పరీక్షించుకోండి. గోడ పట్టుకుని నిలబడి, వేళ్లు నేలకు ఆనించి మడమ నెమ్మదిగా లేపండి. బొటనవేలి మొదటి కీలు రెండు కాళ్లకూ ఒకేలా వంగుతోందా, పైభాగంలో పట్టేసినట్టు నొప్పి ఉందా చూడండి. తర్వాత నిటారుగా నిలబడి ఇంట్లోవాళ్లను మీ బొటనవేలు ఒక్కటే చేత్తో పైకి లేపమనండి. పాదం లోపలివైపు వంపు దానితోపాటు లేవాలి. మూడోది, విజిటింగ్ కార్డు ఒకటి బొటనవేలి కింద పెట్టి నొక్కిపట్టండి. ఎదుటివాళ్లు లాగితే అది సులువుగా జారిపోకూడదు. కీలు బిగుసుకుపోయి ఉన్నా, వేలు రెండో వేలి మీదికి ఒరిగి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఉన్నా, చెప్పుల్లేని 32 కిలోమీటర్లకు ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.

వ్యాయామాలు నాలుగే, రోజుకు పావుగంట. కుర్చీలో కూర్చుని పాదం నేలమీద ఉంచి బొటనవేలు ఒక్కటే లేపాలి, మిగతా నాలుగూ కదలకూడదు. తర్వాత దాన్ని నేలకు ఆనించి ఆ నాలుగూ లేపాలి. మొదటి వారం చాలామందికి ఇది రాదు, చేత్తో పట్టుకుని నేర్పించాలి. పదిసార్ల చొప్పున మూడు విడతలు. రెండోది, తువాలు నేలమీద పరిచి వేళ్లతో దగ్గరికి లాక్కోవడం. మూడోది, గోడ పట్టుకుని మడమలు లేపి దించడం, పన్నెండేసి మూడు విడతలు. పైకి లేచినప్పుడు బరువు చిటికెనవేలి వైపు పోకుండా బొటనవేలి దిండు మీద ఉండాలి, అసలు విషయం అదే. మూడో వారం నుంచి ఒంటికాలి మీద. నాలుగోది, బొటనవేలిని చేత్తో పైకి వంచి అర నిమిషం పట్టుకోవడం, కాలికి మూడుసార్లు. నొప్పి వచ్చేదాకా వంచకండి, లాగినట్టు అనిపించే చోట ఆపండి.

చర్మం సంగతి వేరు. చెప్పులకు అలవాటైన పాదం తోలు ఒక్కరోజులో గట్టిపడదు. మొదటి వారం మేడ మీదో ఇంటి ముందు సిమెంటు మీదో రోజుకు పది నిమిషాలు ఉత్తకాళ్లతో నడవండి. వారానికి పది నిమిషాల చొప్పున పెంచండి. మూడో వారం నుంచి తారురోడ్డు మీదికి రండి, ఎందుకంటే ప్రదక్షిణ దారంతా తారే. వారానికి ఒక పెద్ద నడక ఉండాలి: 5, 8, 10, 14, 18 కిలోమీటర్లు, ఆఖరి వారం మళ్లీ 5. అందులో సగమైనా చెప్పుల్లేకుండా నడవండి. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులు ముందురోజు కంటే ఎక్కువ నొప్పి పెడితే ఆ వారం దూరం పెంచకండి. ఆనెకాయ ఉంటే బ్లేడుతో చెక్కొద్దు. వేడినీళ్లలో నానబెట్టి ప్యూమిస్ రాయితో పైపైన రుద్దితే చాలు. గట్టిపడిన తోలు పూర్తిగా తీసేస్తే కింద లేతచర్మం రోడ్డుకు దొరికిపోతుంది.

గోళ్లు వారం ముందు తీయండి, ముందురోజు రాత్రి కాదు. నెయిల్ కట్టర్‌తో అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలు లోపలికి తవ్వితే, గోరు పెరిగేటప్పుడు ఆ మొన పక్క కండలోకి దిగుతుంది. బరువు పడిన ప్రతి అడుగుకూ గుచ్చుకుంటుంది, చీము పడుతుంది. తిన్నగా తీసిన గోరుకు అంచులు గరుకుగా ఉంటే అరగదీసుకోండి. గోరుచుట్టు ఇప్పటికే ఉంటే అది మానేదాకా నడక మాటెత్తొద్దు.

ఆషాఢం కనుక ఆడవాళ్ల కాళ్లకు గోరింటాకు ఉంటుంది. ఆకు రుబ్బి పెట్టుకున్నదైతే భయం లేదు. నల్లగా పండుతుందని అమ్మే రసాయన కోన్‌లు మాత్రం కొందరికి చర్మాన్ని పొంగించి బొబ్బలు తెస్తాయి. అవి నడకకు ముందు పది రోజుల్లో పాదాలకు వద్దు. ఒక చిన్న పని చేయండి: ఒక కాలి బొటనవేలి గోరుకు మాత్రం రంగు పెట్టకుండా వదలండి. గోరు నొక్కి వదిలినప్పుడు రెండు సెకన్లలో మళ్లీ గులాబిరంగు వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే కట్టు బిగువుగా ఉందో లేదో చెప్పగలం. రంగు గోరు మీద అది కనబడదు.

మెట్టెలది ఇంకా ముఖ్యం. మెట్టె రెండో వేలికి ఉన్నా దాని దెబ్బ బొటనవేలికే. పది కిలోమీటర్లు దాటాక పాదం ఉబ్బుతుంది, వేళ్లు దగ్గరికి ఒత్తుకుంటాయి, మెట్టె అంచు బొటనవేలిని రెండో వేలి వైపున ఒరుస్తుంది. అక్కడి చర్మం పలుచన, చెమట ఎక్కువ. మెట్టెలు తీయడం ఇష్టం లేనివారిని తీయమని నేను ఎప్పుడూ అనను. నోరు తెరిచి ఉండే రకం మెట్టెలైతే కంసాలి దగ్గర ఒక నూలువాసి వదులు చేయించుకోండి. మూసిన రకమైతే ఆరోజుకు తీగతో చేసిన సన్నటి మెట్టెలు మార్చుకోండి. బొటనవేలి పక్కన మెట్టె తగిలే చోట గుడ్డ ప్లాస్టరు ముక్క అంటించండి. మెట్టె మీద అంటిస్తే అర గంటలో చుట్టుకుపోతుంది, చర్మం మీదే అంటించాలి. పిల్లేళ్లు పెట్టుకున్నవారు చిటికెనవేలి పక్కా చూసుకోవాలి.

బయల్దేరే ముందు కాళ్లు కడిగి తడి లేకుండా తుడుచుకుని, పాదానికి ఏమీ రాయకముందే ప్లాస్టరు వేసుకోవాలి. నూనె తగిలిన చర్మానికి ప్లాస్టరు అంటదు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న గుడ్డ ప్లాస్టరు తీసుకోండి. ఆరు సెంటీమీటర్ల ముక్క బొటనవేలి అడుగున, కొన నుంచి దిండు దాకా పొడవుగా అంటించాలి. దాని మీద ఇంకో ముక్క వేలి చుట్టూ తిప్పి, చివరలు వేలి పైభాగంలో ముగించాలి. అడుగున ముగిస్తే ఆ అంచే రోడ్డుకు తగిలి లేచిపోతుంది, లేచిన అంచు కింద మట్టి చేరి బొబ్బ తెస్తుంది. చుట్టు బిగించొద్దు, పాదం ఉబ్బడానికి చోటు ఉంచాలి. ముక్కల మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే త్వరగా ఊడవు. తర్వాత వేళ్ల సందుల్లో పల్చగా వాసలిన్ రాయండి. పాదం అడుగున రాయొద్దు, జారుతుంది.

భుజానికి ఒక చిన్న సంచీ ఉండాలి. అందులో ప్లాస్టరు చుట్ట, చిన్న కత్తెర, గాజుగుడ్డ పొట్లాలు నాలుగు, పోవిడోన్ అయోడిన్ చిన్న సీసా, సీలు తీయని సిరంజి సూది, వాసలిన్, పాత మెత్తటి నూలు తువాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. ఒక జత మెత్తటి చెప్పులు కూడా పెట్టుకోండి. మొక్కుకు భంగమని వద్దనేవారుంటారు. తెగిన కాలితో మిగతా దారి ఈడ్చుకుంటూ పోవడం కంటే అవి వేసుకుని నమస్కారం చేసుకుంటూ ముగించడం మేలని నా గట్టి నమ్మకం.

మొదటి ప్రమాదం మొదటి పది నిమిషాల్లోనే ఉంటుంది. తొలిపావంచా దగ్గర వేల కొబ్బరికాయలు పగులుతాయి. చిప్పల పెంకులు జనం కాళ్ల కింద నలిగి వాడిగా తయారవుతాయి. కొబ్బరినీళ్లకు నేల జారుడుగా ఉంటుంది. ఒత్తిడిలో తోసుకుపోకుండా అడుగు తిన్నగా పైకెత్తి తిన్నగా దించండి. పాదం ఈడిస్తే పెంకు బొటనవేలి కింద దిగుతుంది. కాయ కొట్టేటప్పుడు కాస్త పక్కకు జరిగి చిప్పలు కుప్పలో వేస్తే మీ వెనక వచ్చేవారి కాళ్లు మీరే కాపాడినవారవుతారు.

ప్రదక్షిణ ఎలా చేయాలో పెద్దలు చెప్పిన శ్లోకం ఒకటుంది: నెలలు నిండిన గర్భిణి, తలమీద నూనె నిండిన కుండతో ఎంత మెల్లగా నడుస్తుందో అంత మెల్లగా నడవాలని. పాదశాస్త్రం చదివినవాడు కూడా ఇంతకంటే మంచి సలహా ఇవ్వలేడు. ఉత్తకాళ్లతో పొడుగు అడుగు వేస్తే మడమ గట్టిగా గుద్దుకుంటుంది, బొటనవేలు వెనక్కి మరీ ఎక్కువ వంగుతుంది, ఆఖర్న చర్మం మెలితిరుగుతుంది. అడుగు పది సెంటీమీటర్లు తగ్గించండి. వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు మించొద్దు. ఆగే సమయం కలుపుకుంటే పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. మడమ ఆని, పాదం బయటి అంచు మీదుగా బరువు ముందుకు వచ్చి, బొటనవేలి దిండు మీదికి చేరి, వేలి కొనతో అడుగు ముగియాలి. వేళ్లను ముడిచి నేలను పట్టుకోవడం చాలామందికి తెలియకుండానే వచ్చే అలవాటు, ముఖ్యంగా తడిరోడ్డు మీద. ముడిస్తే వేలి కొన, గోరు రాపిడికి గురవుతాయి, పిక్కలు పట్టేస్తాయి. గోవింద నామం పలికేటప్పుడు మధ్యమధ్య వేళ్లు వదులుగా ఉన్నాయో లేదో గుర్తు చేసుకోండి.

రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. ఎడమ అంచున గంటలకొద్దీ నడిస్తే కుడిపాదం లోపలికి వాలుతుంది, కుడి బొటనవేలి మీద భారం పెరుగుతుంది. ఎడమ పాదానికి చిటికెనవేలి వైపు భారం పడుతుంది. కుడి బొటనవేలికే ముందు బొబ్బ రావడానికి ఇదొక కారణం. వాహనాలకు దారి మూసిన చోట్ల రోడ్డు నడిమధ్యలో నడవండి.

ఎండగా ఉంటే మధ్యాహ్నం తారు కాలుతుంది. అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే కాలూ ఉంచలేదు. ఆగి, పొద్దు వాలాక కదలండి. దారి పొడవునా పుణ్యాత్ములు రోడ్డు మీద నీళ్లు చల్లుతారు, మజ్జిగా పులిహోరా పెడతారు. నీళ్లు చల్లటం మంచిదే కానీ తడిసిన చర్మం మెత్తబడి రాపిడికి త్వరగా లేస్తుంది. గంటకోసారి కూర్చుని తువాలుతో వేళ్ల సందులు తుడుచుకోవాలి. వాన పడితే అరగంటకోసారి.

విశాలాక్షినగర్ దాటి సముద్రం వైపు దిగేటప్పుడు జాగ్రత్త. దిగుడులో బొటనవేలు బ్రేకు పని చేస్తుంది, పాదం దిండు దగ్గర చర్మం వెనక్కూ ఎముక ముందుకూ లాగుకుంటాయి. బొబ్బ కంటికి కనబడేది మాధవధారలోనైనా దానికి పునాది ఇక్కడే పడుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, ఇంకా చిన్న అడుగులతో దిగండి.

అప్పుఘర్ స్నానం దగ్గర నేను చూసినంత నష్టం మరెక్కడా చూడలేదు. భక్తితో మునిగి లేచి, ఇసుక అంటిన తడికాళ్లతో అలాగే రోడ్డెక్కేస్తారు. ఉప్పునీళ్లలో నానిన తోలు, వేళ్ల మధ్య ఇసుక, ముందు ఇంకా సగం పైగా దారి. రెండు కిలోమీటర్లలోపే బొటనవేలికీ రెండో వేలికీ మధ్య పచ్చిగా లేస్తుంది. స్నానం మానక్కర్లేదు. స్నానానికి ముందే పాత ప్లాస్టరు మెల్లగా తడిపి తీసేయండి. స్నానం అయ్యాక ఇసుక దాటి రోడ్డు పక్కన కూర్చుని లీటరు మంచినీళ్లతో రెండు పాదాలూ కడగండి. ప్రతి సందులో తువాలు అంచు దూర్చి తుడవండి. ఇరవై నిమిషాలు గాలికి ఆరనివ్వండి, ఆలోపు ఏదైనా తిని ఓఆర్‌ఎస్ నీళ్లు తాగండి. ముడతలు పడిన తోలు మామూలు రంగుకు వచ్చాక కొత్త ప్లాస్టరు, వాసలిన్. ఇరవై నిమిషాలు ఆలస్యమైందని కంగారుపడేవాళ్లే ఎన్ఏడీ దగ్గర రెండు గంటలు కూర్చుంటారు.

చీకటి పడ్డాక ఎదురుదెబ్బల వంతు. స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, బారికేడ్ల కాళ్లు. ఎదుటివారి మడమలు చూస్తూ నడిచేవారికే ఎక్కువ తగులుతాయి. నాలుగడుగుల ఎడం ఉంచి రోడ్డు చూస్తూ నడవండి. ఎదురుదెబ్బ తగిలితే వెంటనే ఆగండి. వేలు నిటారుగా ఉండి, పైకీ కిందికీ కదిపితే భరించగలిగే నొప్పే ఉంటే, బొటనవేలిని రెండో వేలికి మధ్యలో గాజుగుడ్డ పెట్టి ప్లాస్టరుతో కలిపి కట్టి నెమ్మదిగా కొనసాగొచ్చు. వేలు వంకర తిరిగినా, కీలు దగ్గర వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయినట్టున్నా, బరువు మోపలేకపోయినా ఎముక విరిగిందనే అనుకుని వైద్య శిబిరానికి వెళ్లండి. గోరు కింద రక్తం గడ్డకట్టి టపటప కొట్టుకుంటుంటే ఆరోజే డాక్టరు చిన్న రంధ్రం చేసి ఒత్తిడి తీసేస్తారు. ఇంట్లో పిన్నీసు కాల్చి పొడిచే వైద్యం వద్దు, కింద ఎముక ఉంది.

బొబ్బ మొదలవక ముందు చురుకు తెలుస్తుంది. చాలామంది ఆ చురుకును స్వామి పరీక్ష అనుకుని ఓర్చుకుంటారు. ఆగాల్సింది అప్పుడే. ఆ చోట ప్లాస్టరు వేస్తే బొబ్బే రాదు. వచ్చేసిన బొబ్బ చిన్నదై, నడకకు అడ్డం రాకపోతే ముట్టుకోవద్దు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత ఉబ్బి బరువు మోపనీయకపోతే అయోడిన్‌తో తుడిచి, కొత్త సూదితో అంచు దగ్గర రెండు చోట్ల గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా ఒత్తి నీరు తీయాలి. పై తోలు ఒలవొద్దు. దాన్ని మించిన కట్టు మన దగ్గర లేదు. దాని మీద గాజుగుడ్డ మడత, దాని మీద ప్లాస్టరు. లోపల నీరు ఎర్రగానో, చిక్కగా తెల్లగానో ఉంటే గుచ్చే పని కూడా వైద్యులదే.

షుగరు ఉన్నవారికి ఈ మాటలేవీ వర్తించవు. కాళ్లు తిమ్మిరెక్కడం, మంటలు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఉన్నవారికి బొటనవేలి కింద తెగినా నొప్పి తెలియదు. నొప్పి తెలియని కాలికి ఆగమని చెప్పేవారు ఎవరూ ఉండరు. ఆస్పత్రిలో పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును పాదానికి ఆనించి స్పర్శ పరీక్షిస్తారు. అది చేయించుకోకుండా చెప్పులు విడిచి నడవకండి. స్పర్శ తగ్గిందని తేలితే చెప్పుల్లేని నడక జన్మలో వద్దు. పాదాలకు రక్తప్రసారం తక్కువున్నవారికీ ఇదే మాట. కొండ చుట్టూ నడవలేనివారు పౌర్ణమినాడు ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేయడం అక్కడి ఆచారంలోనే ఉంది. అదే రోజు స్వామికి ఆఖరి విడత చందన సమర్పణ, మూడు మణుగుల చందనం. ఆ దర్శనానికి కాలు పణంగా పెట్టాల్సిన పనిలేదు.

ఇంటికి చేరాక వేడినీళ్లలో కాళ్లు పెట్టాలనిపిస్తుంది. ముందు చల్లటి మామూలు నీళ్లతో కడిగి, దీపం వెలుగులో కాదు, మంచి లైటు కింద ప్రతి వేలూ, ప్రతి సందూ చూడండి. ముల్లు, పెంకు, గాజు ముక్క ఉంటే ఆరోజే తీయించాలి. తెగిన గాయం ఉంటే టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు చేసుకోండి, ఐదేళ్లు దాటితే డాక్టరును అడగండి. కాళ్లు దిండ్ల మీద ఎత్తుగా పెట్టి పడుకుంటే వాపు తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లు మర్నాటికి, పదిహేను నిమిషాలు చాలు.

మర్నాటి రాత్రో ఆ మర్నాడో ఒక్క బొటనవేలి కీలే ఎర్రగా, వేడిగా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా వాచిందంటే అది నడక నొప్పి కాకపోవచ్చు. ఒంట్లో యూరిక్ ఆమ్లం ఎక్కువున్నవారికి నీళ్లు తక్కువై, కీలుకు శ్రమ ఎక్కువైనప్పుడు గౌట్ ఇలా బయటపడుతుంది. మాలిష్ చేయించొద్దు, రక్తపరీక్ష చేయించండి. జ్వరం కూడా ఉంటే, లేదా ఎరుపు పాదం మీదికి పాకుతుంటే అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.

నల్లబడిన గోరు వారాల తర్వాత ఊడిపోవచ్చు. లాగకండి. వదులైన అంచు మాత్రం కత్తిరించి, మిగతాది దానంతటది రాలేదాకా ప్లాస్టరుతో కప్పి ఉంచండి. బొటనవేలి గోరు మొదటి నుంచి కొన దాకా మళ్లీ రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ ఆషాఢంలో గోరు పోయినవారికి వచ్చే ఆషాఢానికి అది పూర్తిగా రాకపోవచ్చు. అలాంటివారు ప్లాస్టరు వేసేటప్పుడు గోరు లేని మెత్తటి చోట గాజుగుడ్డ మడత పెట్టి, దాని మీదుగా అంటించుకోవాలి.